కూలరు ముందు కూర్చుని చూసిన పాఠం

2006లో నేను కర్నూలులో ఒక ప్రైవేటు బి.ఎడ్. కాలేజీలో లెక్కల మెథడ్స్ చెప్పేదాన్ని. మెథడ్స్ అంటే లెక్కలు కాదు, లెక్కలు ఎలా చెప్పాలో నేర్పడం. మా ట్రైనీలు బడులకు పోయి పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూర్చుని చూడాలి. దాన్ని అబ్జర్వేషన్ అంటాం. నా ఉద్యోగంలో సగం అదే.

ఆ ఏడు మా ప్రిన్సిపాలుకు ఒక తెలివి పుట్టింది. ఫైనల్ లెసన్, అంటే మార్కులేసే చివరి పాఠం, వీడియో తీయించి సీడీలో చూపిస్తే బయటి ఎగ్జామినరు ఎండలో ఊళ్లు తిరగనక్కర్లేదట. ఆ ఎగ్జామినరు కడప నుంచి వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆయనకూ అదే కావాలి. తీసే పని కల్లూరులో పెళ్లి వీడియోలు తీసే మస్తాన్‌కు అప్పగించారు.

ఈరమ్మ మా ట్రైనీ. కోసిగి పక్క పల్లెలో కూలీల ఇంటి పిల్ల. ఫైనల్ లెసన్‌గా తన ఊరి బడిలోనే ఆరో తరగతికి భిన్నాలు చెప్పింది. నేను వెనక బెంచీలో ఉన్నాను, పక్కన మస్తాన్ కెమెరాతో తీస్తున్నాడు. జొన్నరొట్టె చూపించి, "అర పెద్దదా, పావు పెద్దదా?" అని అడిగింది. రెండు కన్నా నాలుగు పెద్దది కదా, క్లాసంతా పావు అని అరిచింది. ఈరమ్మ తప్పనలేదు. గోడవార కూర్చున్న హులిగెమ్మ వైపు చూస్తూ నిలబడింది. ఆ పిల్ల అమ్మానాన్నలతో పత్తి ఏరడానికి పోయి, నెలల తర్వాత బడికొచ్చింది. నాకే ఓపిక నశించింది గానీ ఈరమ్మ కదల్లేదు. చివరికి ఆ పిల్ల గొంతు పెగిలింది.

"ఇద్దురు పంచుకుంటే ముక్క పెద్దగ ఉంటాది టీచర్. మా ఇంట్ల నలుగురుము. సన్నదొస్తాది."

నా సర్వీసులో అంతకన్నా మంచి జవాబు వినలేదు.

ప్రిన్సిపాలు గదిలో ఆయనా, ఎగ్జామినరూ కూలరు వేసుకుని, మిక్చరు నములుతూ సీడీ చూశారు. నేనూ అక్కడే ఉన్నాను. పూలు రాలుతూ, సన్నాయి మోగుతూ మొదలైంది. ఈరమ్మ ప్రశ్న అడిగింది. మరుక్షణమే రొట్టె తుంచుతూ వివరిస్తోంది. మధ్యలో హులిగెమ్మ లేదు.

"తనే అడిగి తనే చెప్పుకుంది. పిల్లల చేత మాట్లాడించలేదు" అని ఎగ్జామినరు ఫెయిల్ మార్కు వేశారు. ఫెయిలైతే డీఎస్సీ, అంటే టీచరు ఉద్యోగాల పరీక్ష, రాయడానికి లేదు. మళ్లీ ఫీజు కట్టి చదివించే శక్తి ఆ ఇంటికి లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. మస్తాన్‌ను పిలిపించాను.

"పెండ్లి సీడీల మాదిరే చేసినా మేడం. ఆయమ్మ ఉత్తగ నిలబడుకోని ఉండాది. ఆ పాప మాట సరింగా ఇనపల్లే. ఎవురు చూస్తారులే అని కట్ చేసినా."

"అసలు టేపు యాడుండాది?"

"దాంట్లో ఇంకో పెండ్లి తీసేస్తి మేడం."

అతని మీద కోపం నిలవలేదు. తెలిసిన పని చేశాడు. చదువుకున్న ఈ ఇద్దరి సంగతేమిటి?

"నేనక్కడే ఉన్నాను సార్, ఆ పిల్ల చెప్పింది" అన్నాను.

"సీడీలో ఉన్నదానికే కదమ్మా నేను మార్కులెయ్యాలి" అన్నారు ఎగ్జామినరు.

"ఒక్క అమ్మాయి కోసం ఎందుకు మేడం రచ్చ?" అన్నాడు ప్రిన్సిపాలు.

"క్లాసు చూడ్డానికి ఒళ్లు బరువైతే, కాలేజీ మూసేసి పెళ్లి సీడీల కొట్టు పెట్టుకోండి సార్" అన్నాను. మార్కుల మీద నా సంతకం కూడా ఉండాలి. ఎగ్జామినరు కోసిగి వచ్చి వెనక బెంచీలో కూర్చుంటేగానీ పెట్టనన్నాను. బెదిరించారు, బతిమాలారు. ఎవరి ఫలితాలూ కదలవని తెలిశాక గొణుక్కుంటూ జీపెక్కారు.

మేం వెళ్లేసరికి క్లాసు సగం ఖాళీ. గోడవార హులిగెమ్మ కూడా లేదు.

"మిగతావాళ్లేరమ్మా?" అన్నారు ఎగ్జామినరు.

"సుగ్గికి పోయినారు సార్. గుంటూరు పక్క మిరపకాయలు కోసేకి" అంది ఈరమ్మ.

ఉన్న పిల్లలకే అదే ప్రశ్న వేసి, అలాగే నిలబడింది. ఎగ్జామినరు వాచీ చూసుకున్నారు, దగ్గారు. ఒక పిల్లవాడు లేచి చెప్పేసరికి ఆ దగ్గు ఆగింది. ఈరమ్మ పాసైంది.

తిరుగు దారిలో, "అమ్మాయి బాగానే చెప్పింది" అన్నారాయన.

"ఆ రోజూ ఇలాగే చెప్పింది సార్" అన్నాను.

హులిగెమ్మ మళ్లీ బడికొచ్చిందో లేదో నాకు తెలియదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. ఇప్పటికీ ఎవరైనా పాఠం వీడియో తెచ్చి చూడమంటే, టీచరును తర్వాత చూస్తాను. ముందు గోడవార కూర్చున్న పిల్ల కనబడుతోందా అని చూస్తాను. కనబడకపోతే టీవీ కట్టేసి, చెప్పులేసుకుని ఆ బడికి పోతాను.