చింతపండు తిన్న ఇత్తడి

తొంభైల్లో నేను యూనివర్సిటీలో ఫిజిక్స్ ల్యాబు స్టోరు చూసేవాణ్ణి. చదువు ఇంటర్‌తో ఆగింది, లెక్క మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. పాత మిలిటరీ టోపీ బిళ్లలు దొరికితే తూచి, కొలిచి నోటుబుక్కులో ఎక్కించేవాణ్ణి. యుద్ధకాలంలో వంతెనలు కట్టిన ఇంజనీరు దళాల బిళ్లలంటే మరీ ఇష్టం.

అది తెలిసి, లైబ్రరీలో అటెండరుగా చేసే అక్క వారాసిగూడ నుంచి ఒక బిళ్ల తెచ్చింది. వాళ్ల నాయనది. బర్మా యుద్ధంలో వంతెనలు వేశానని ఆయన పోయేదాకా చెప్పేవాడట.

“మా తమ్ముడు నమ్మడు సారూ. నాయన పోయే ముంగట జుమ్మేరాత్ బజార్ల నకిలీది కొని గప్పాలు కొట్టిండంటడు. అసలుదా కాదా, గంతే చెప్పు.”

పైన రాజుగారి కిరీటం ఉంది. నకిలీల మీదా అదే ఉంటుంది. త్రాసులో పెట్టాను. నా పుస్తకంలో ఇదే రకానివి మూడున్నాయి. ఇది వాటికన్నా రెండు గ్రాములు తక్కువ తూగింది.

“నకిలీ అనుకుంటానక్కా.”

ఆమె బిళ్లను కొంగుతో తుడిచి, పొట్లం కట్టుకుని వెళ్లింది.

సాయంత్రం తార్నాకలో ఇంటికొచ్చేసరికి మా ఆవిడ ఇత్తడి దీపపు కుందె తోముతోంది. దాని మీది లక్ష్మికి ముక్కు లేదు. పెళ్లినాడు ఉండేది.

“ఇన్నేండ్లు చింతపండు పెట్టి రుద్దితే అరగదా?” అంది.

మర్నాడు పొద్దున్నే లైబ్రరీకి వెళ్లాను.

“మీ నాయన దాన్ని తోమేవాడా అక్కా?”

“ఏటా దసరాకు. చింతపండు, బూడిద. ఆయన పోయినంక నేను తోముతున్న. ఏంది, తోమొద్దా?”

ఆమె సంచిలోంచి పొట్లం తీసిచ్చింది. బిళ్ల వెనక్కి తిప్పి, టోపీకి తగిలించే రెండు రింగుల మధ్య దూరాన్ని వెంట తెచ్చిన వెర్నియర్ కొలబద్దతో కొలిచాను. అసలుదాని అచ్చు తీసి పోత పోసిన నకిలీ చల్లారితే కాస్త కుంచించుకుపోతుంది. ఇది నా పుస్తకంలోని మూడింటి కొలతతో సరిగ్గా కలిసింది. అరిగింది ముందువైపే.

“అసలుదే. నిన్న నేను తప్పు చెప్పాను. ఆయన బర్మా వెళ్లాడని మాత్రం నా త్రాసు చెప్పలేదు.”

“గది నాయన చెప్పిండు కదా. గింత అరగాలంటే ఎన్ని దసరాలు కావాలె?”

“ఆఖరి రోజుల్లో కొన్నదైతే ఇంత అరగదు. మీ తమ్ముడు పుట్టకముందు నుంచీ తోమి ఉంటారు.”

“గా మాట కాగితం మీద రాసియ్యి సారూ.”

రాసిచ్చాను. వారం తర్వాత ఆ కాగితం పట్టుకుని ఆమె తమ్ముడే స్టోరుకు వచ్చాడు.

“సార్, ఈ దసరాకు నేను తోముతనంటే అక్క ఇస్తలేదు.”

“ఎవరూ తోమొద్దు. పొడిగుడ్డతో తుడవండి, చెరో ఏడాది” అన్నాను.