ఆయాను పిలవండి

పోయిన నెల మా సంఘంలో పాదాలు కడిగే ఆరాధన జరిగింది. కడిగించుకునే పన్నెండుమందీ ఇంటి దగ్గరే సబ్బుతో కాళ్ళు రుద్దుకుని, గోళ్ళు కూడా తీయించుకుని వచ్చారు. కమిటీ పెద్ద ఒక్కో పాదం మీద నాలుగు చుక్కలు చల్లి, ఫోటో తీసేదాకా ఆగి, తన చేతులు ఇంకొకరితో తుడిపించుకున్నాడు. నవ్వు ఆపుకోలేక తల వంచితే బెంచీ కింద రేకు బొక్కెన కనబడింది. నవ్వు అక్కడితో సరి.

డెబ్బైల చివర నేను పలమనేరు దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుని. మా మేనత్తే మేట్రన్. మేనత్త కదా అని చనువు తీసుకుందామంటే, వార్డులో ఆమె చూపుకి మే నెలలో కూడా చలేసేది. ఒకసారి, వచ్చే ఆదివారం ఆడవాళ్ళ వార్డు తాళాలు నాకిస్తానంది. ఇరవైనాలుగేళ్ళకే ఇన్‌చార్జి! తాళాలు రాకముందే నా నడక మారిపోయింది. ఏది ఒలికినా, ఎవరు పక్క తడిపినా నా నోట ఒకటే మాట, "ఆయాను పిలవండి." ఆ వార్డుకంతా ఆయా ఒక్కతే, యాభై దాటిన మనిషి. ఆ వారం ఆమెకే వాంతులు, భేదులు పట్టుకుంటే మూడో మంచంలో పడుకోబెట్టి సెలైన్ పెట్టాం.

శుక్రవారం పొద్దున వార్డులోకి అడుగుపెడితే భరించలేని వాసన. మూడో మంచం పక్కంతా పాడయింది. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలోంచే అలవాటు కొద్దీ అరిచాను, "ఆయాను పిలవండి!"

మూడో మంచంలో ఆయా, సెలైన్ సూది గుచ్చిన చేత్తో మంచం కోడు పట్టుకుని లేస్తోంది.

"లేస్తా ఉండానమ్మా, కోప్పడొద్దు. బొక్కెన యాడుండాది?"

పడుకో అని ఒక్క మాట అనాలి, నోరు పెగల్లేదు. నా వెనకనుంచి బొక్కెనతో వచ్చింది మేనత్త, తెల్ల చీర కుచ్చిళ్ళు ఎగదోపి, నడుముకు తువాలు చుట్టుకుని.

"పండుకో అక్కా. నేను తెచ్చినాలే."

"వద్దు మేడం, మీరు ముట్టుకోగూడదు," అని ఆయా ఏడ్చేసింది. మేనత్త వినిపించుకోకుండా ఆమెను ఒళ్ళంతా కడిగి, పక్క మార్చి, అప్పుడు నావైపు చూసింది.

"శిష్యుల కాళ్ళు కడిగేదానికి ప్రభువే తువాలు కట్టుకోని వంగినాడు. నీకు నడుము వంగదా? ఈమె లేచి తిరిగేదాకా ఈమెకు ఆయా నువ్వే. తాళాల మాట ఆ తర్వాత."

తొమ్మిది రోజులు చేశాను. మొదటి రోజు బయటికి పరుగెత్తి కక్కుకున్నాను కూడా, దాచడమెందుకు. పదో రోజు మేనత్త తాళాలు ఆయా చేతికిచ్చి నాకు ఇమ్మంది. ఆమె రెండు చేతులా పట్టుకొచ్చి ఇచ్చింది.

"తప్పుగా అనుకోవద్దమ్మా. నా పని నీతో చేయించుకుంటిని."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తాళాలు అప్పజెప్పి రిటైరై చాలా ఏళ్ళయింది. మేనత్తా లేదు, ఆయమ్మా లేదు. అయినా నా కళ్ళముందు ఆయా మంచం కోడు పట్టుకుని లేస్తూనే ఉంది. పడుకో అని చెప్పడానికి ఇన్నేళ్ళయినా నాకింకా నోరు పెగలడం లేదు.