జేబు రవిక

“...అంగి ఇచ్చిన గని, జేబు ఇచ్చిన్నా? నా జేబు నాకియ్యి!”

“ఇస్త. గిక్కడనే రవిక ఇప్పమంటవా?”

ఆదివారం ఆరాధన ముగిశాక చేవెళ్ల దగ్గరి హిమాయత్‌నగర్ ఊళ్లో చర్చి వాకిట్లో యోసేపు, అతని భార్య సారమ్మ పోట్లాడుకుంటున్నారు. ఆ రవిక కుట్టిన కరుణమ్మ పక్కనే నిలబడి, భుజం దగ్గర ముడత పడిందేమో చూస్తోంది.

కరుణమ్మ భర్త చనిపోయిన ఏడాది చర్చి సంఘం ఆమెకు కుట్టుమిషను ఇచ్చింది. అది సంఘం ఆస్తి, ఆమె వాడుకోవచ్చు. పన్నెండేళ్లుగా ఆ మిషను మీదే బతుకుతోంది. ముందువైపు ముడి వేసుకునే రవికలు తప్ప వేరే ఏవీ కుట్టలేదు. కుట్టమని ఎవరూ అడగలేదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో బస్సులు ఆగిపోయాయి. చేవెళ్లలో బట్టల దుకాణాలు ఏ రోజు తెరుస్తారో, ఏ రోజు బందో తెలిసేది కాదు. ఆడవాళ్లు మగవాళ్ల పాత అంగీలు తెచ్చి, రవికలు చేసిమ్మన్నారు.

మొదటిది యోసేపు నీలం అంగీ. కరుణమ్మ గుండీలు తెంపి డబ్బాలో వేసింది. జేబు విప్పితే దాని కింద చదరంగా ముదురు నీలం బయటపడింది. మిగతా బట్టంతా వెలిసిపోయింది. మచ్చ ఉన్న రవిక తన చేతి మీదుగా పోవడం ఆమెకు ఇష్టం లేదు. జేబును మళ్లీ అక్కడే కుట్టింది.

రెండో రవికకు మచ్చ లేదు. అయినా జేబు పెట్టింది, ఈసారి కుడివైపు.

“ఎడమకు పెట్టి కొంగు కింద దాస్తే ఎవలు చూస్తరు?” అంది.

నెల తిరిగేసరికి జేబు లేని రవిక నామోషీ అయింది. ఆడవాళ్లు జేబులో రెండు వేళ్లు పెట్టుకుని నిలబడటం నేర్చారు. ఎంకపల్లి నుంచి కూడా నడిచి వచ్చేవారు. వాళ్లు తెచ్చే అంగీల్లో కొన్ని ఇంకా పాతబడలేదు. జేబున్న అంగీ లేక యోసేపు తన బీడీలు సారమ్మ జేబులో పెట్టి, బీడీకొకసారి ఆమె నాట్లు వేసే మడి దాకా పోయి అడుక్కునేవాడు.

అంతవరకు ఎవరూ కలగజేసుకోలేదు. చిక్కు చర్చిలో వచ్చింది. కానుకల పాటకు ఐదు చరణాలు. ఆడవాళ్లు కొంగుముడి విప్పి నాణెం తీసేసరికి ఐదూ సరిపోయేవి. ఇప్పుడు నాణెం జేబులోంచి చటుక్కున వస్తోంది, మొదటి చరణానికే కానుకల సంచి చివరి వరుస దాటుతోంది. మిగతా నాలుగు చరణాలు సంచి పట్టుకునే యోసేపు అందరి ముందు ఊరికే నిలబడాలి. జనం పాడుతూ అతన్నే చూస్తారు.

అందుకే ఇవాళ జేబు అడిగాడు.

పాస్టరు స్వామిదాసు మెట్లు దిగి వచ్చారు.

“కరుణమ్మా, ఆరాధన ఆగమైతున్నది. జేబులన్న ఇడిశిపెట్టు, మిషనన్న తిరిగియ్యి.”

“పాట జర కురచ చెయ్యరాదా, అయ్యగారూ?”

“పాటను గూడ కత్తిరిస్తవా?”

యోసేపు నవ్వాడు. సారమ్మ చేతులతో జేబు కప్పుకుంది. కరుణమ్మ మెడలోని కొలత టేపు తీసి, సారమ్మ చేతులు పక్కకు జరిపి, జేబు నోరు కొలిచింది.

“పాటకు ఐదు చరణాలే గదా, అయ్యగారూ?”

“ఐదే.”

“వచ్చే ఐతారం నుంచి జేబుకు ఐదు గుండీలు పెడ్త.”