పల్లిచేనుకు శాంతి చర్చలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, దేశాలు కొట్టుకునేది సరిగ్గా మాట్లాడటం రాకనే అని గట్టిగా నమ్మేవాణ్ని. దేశాల మధ్య రాజీ కుదిర్చేవాళ్లకు శిక్షణనిచ్చే ఒక హైదరాబాదు సంస్థలో నేను దుబాసీని. మా పెద్దసారు విదేశీయుడు, పదకొండేళ్లపాటు ఒక యుద్ధానికి సంధి చర్చలు నడిపిన ఘనుడు (ఆ యుద్ధం ఇంకా సాగుతూనే ఉంది, ఆ సంగతి అడగడం మర్యాద కాదు). తన పద్ధతిని ఏదైనా పల్లెలో చేసి చూపాలని ఆయనకు బుద్ధి పుట్టింది. నేను పొంగిపోయి, బిజినేపల్లి దగ్గర మా మేనమామ తగాదా ఒకటి చూపించాను.

మామ బోరు ఎండిపోయింది. పల్లిచేను సరిగ్గా ఊడలు దిగి కాయ పట్టే వేళ వాడిపోతోంది. అవతలి రైతు నీళ్లిస్తానన్నాడు గానీ, పైపు మధ్యలో ఉన్న గట్టాయన పొలం దాటాలి (ఎప్పుడూ గట్టు గొడవే కనుక మేము పెట్టిన పేరు). ఆయన ససేమిరా అన్నాడు.

ఆదివారం ఊరి బడిలో చర్చలు. గుండ్రటి బల్లే ఉండాలని సారు పట్టుబట్టారు. అది ఎక్కడ వేయాలో తేల్చడానికి ఒక గంట.

"మూడేండ్ల కింద నా గట్టు దున్నుకున్నడు. ఆయన సేను ఎండితే నాకేంది?" అన్నాడు గట్టాయన.

"చారిత్రక ఆందోళనలు ఉన్నాయంటున్నారు," అని ఇంగ్లీషులో చెప్పాను.

"గీనితోటి మాట్లాడేకన్న ఎద్దుతోటి మాట్లాడుడు నయం!" అన్నాడు మామ.

"చర్చలను స్వాగతిస్తున్నారు."

సారు మురిసిపోయారు. ముందు నమ్మకం పెంచుకోవాలనీ, నీళ్ల సంగతి మూడో సమావేశంలో చూద్దామనీ సెలవిచ్చారు.

"మూడోదా? అప్పటిదాంక సేనుంటదా?" అని మామ అరిచాడు. ఓపికతో ఉన్నారని చెప్పాను. మధ్యాహ్నం దాటాక ఆకలి తట్టుకోలేక ఇద్దరూ చేతులు కలిపారు. సారు ఫొటో తీయించుకున్నారు.

అందరం చేను దగ్గరికి వెళ్తే, సాళ్ల నిండా నీళ్లు! మా అత్తా, గట్టాయన భార్యా మోకాళ్లదాకా బురదతో నిలబడి ఉన్నారు.

"మీరిద్దరు పొలంల లేని పూట మల్ల ఎప్పుడు దొరుకుతది? పైపు ఏసేసినం," అంది అత్త.

గట్టాయన పైపు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. "గట్టు కిందికెళ్లి ఏసిన్రా, మీదికెళ్లి ఏసిన్రా?"

"కిందికెళ్లే. సాలుతియ్, ఇంటికి పా, బువ్వ తిందువు," అంది భార్య.

వాళ్లేమంటున్నారని సారు అడిగారు. "మీ చర్చలు ఫలించాయంటున్నారు," అన్నాను.

ఆ విజయం మీద సారు దేశదేశాల్లో ఉపన్యాసాలిచ్చారు. వాటిలో ఆ ఇద్దరు ఆడవాళ్ల ఊసే లేదు. వాటిని టైపు చేసింది నేనే. తిరుగు ప్రయాణంలో సారు పక్కన కూర్చుని, యుద్ధం ఆపినవాడిలా ఛాతీ విరుచుకున్న ఆ కుర్ర దుబాసీ గుర్తొస్తే ఇప్పుడు తిట్టబుద్ధి కాదు. అత్తకు ఒక్క దండమైనా పెట్టకుండా కారెక్కాడే వెర్రివాడు, అని నవ్వొస్తుంది.