మారిషస్ తాత

నిజాంసాగర్ నీళ్లు వచ్చిన కొత్తలో రెంజల్ రైతుబిడ్డల్లో కాలేజీ మెట్లెక్కింది మా సిద్దిరాములు తాత ఒక్కడే. హైదరాబాదులో ఉర్దూ మీడియం చదువు, నెలనెలా సర్కారు ఇచ్చే వజీఫా డబ్బు మీద బతుకు. ఆ వజీఫా ఆగితే చదువు ఆగినట్టే.

అంతకుముందు తాత పంతులుగారి బడిలో చదివాడు. అక్కడ చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పినవాడికి బెల్లం ముక్క, సొంత మాట కలిపినవాడికి బెత్తం. తాత ఎప్పుడూ బెల్లమే తిన్నాడు, పాపం!

కాలేజీలో బెల్లం తయారీ మీదే వ్యాసం రాయమన్నారు. తాత నాన్న భోజన్న ఏటా బెల్లం వండేవాడు. ఆ పొయ్యి పక్కనే పెరిగిన తాత ఆ సంగతి ఒక్క ముక్క రాయలేదు. పెద్దల పుస్తకంలో తన మాట కలపడం అపచారమనుకుని, లైబ్రరీ పుస్తకంలోంచి తొమ్మిది పేజీలు ముత్యాల్లాంటి దస్తూరితో ఉన్నదున్నట్టు దించాడు. రాసినవాడి పేరు మాత్రం దించలేదు.

ప్రొఫెసరు నిలబెట్టి చదివించాడు.

"నేను మారిషస్ దీవిలో కళ్లారా చూసిన గానుగ..."

"ఆగు!" బాగా తగలాలని ప్రొఫెసరు ఉర్దూ వదిలి తెలుగులోకి దిగాడు. "ఓడెప్పుడు ఎక్కినవ్ మియా?"

క్లాసంతా బల్లలు చరిచింది.

"పాకం వచ్చిందని మీ ఇంట్ల ఎట్ల తెలుస్తది?"

"బాపు సల్లనీళ్లల్ల సుక్కేస్తడు సార్. వేళ్ల నడుమ ఉండ కట్టాలె."

"నేనడిగింది గిదే. పుస్తకం చూడొద్దనలేదు. ఎవరి మాటనో వాళ్ల పేరు చెప్పు, మిగిలింది నీ మాటల్ల రాయి. పేరు మింగితే దొంగతనం."

బతికిపోయాననుకున్నాడు తాత. ప్రొఫెసరు నవ్వుతూనే వజీఫా రద్దు కాగితం మీద సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి భోజన్న పొయ్యి ముందున్నాడు. దొంగతనానికి వజీఫా రద్దయిందన్న కాలేజీ ఉత్తరం తాతకన్నా ముందే చేరింది.

"ఏం దొంగతనం జేసినవ్‌రా?"

"మాటలు, బాపు. ఎవలో దొర రాసినయి. బెల్లం గురించి."

పాకం తిప్పుతున్న తెడ్డు భోజన్న చేతిలో ఆగింది.

"బెల్లం గురించా? ఇంట్ల నేను సచ్చిన్నా?"

ఆ ఏడే పాకం చూసే పని తాత తమ్ముడు కాశయ్యకు నేర్పి, తాతను చెరుకు బండి తోలమన్నాడు. ఊరు ఆ బండికి 'మారిషస్ ఓడ' అని పేరు పెట్టింది.

ముసలితనంలో తాత ఏం చెప్పినా "మా బాపు చెప్పిండు" అనే మొదలుపెట్టేవాడు. "ఏ పుస్తకంలకెల్లి దించినవ్ తాతా?" అని మనవలు ఏడిపిస్తే చేతికర్ర విసిరేవాడు.

ఆ బాపు మాత్రం పోయేదాకా తెడ్డు తాత చేతికివ్వలేదు.