మా బావగారి అల్యూమినియం ఇంజన్

మొన్న ఆదివారం పొద్దున్నే మియాపూర్ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "పిన్నీ, నాన్నగారు పోయారు" అన్నాడు. నిద్రలోనే వెళ్లిపోయారట. అక్క పోయాక కూడా నన్ను సొంత చెల్లెలిలా చూసుకున్న బావగారు ఇక లేరు.

డెబ్బైల మొదట్లో నేను కాలేజీ చదువు కోసం గుంటూరు నుంచి వచ్చి, మూసాపేటలో వాళ్లింట్లో ఉండేదాన్ని. బావగారు సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. దేశం విడిచి వెళ్తున్న ఒక విదేశీయుడి దగ్గర పాత చిన్న కారు కొన్నారు. దాని ఇంజన్ అల్యూమినియంది. మేం చూసిన మిగతా కార్లన్నిటికీ ఇనుప ఇంజన్లే. "అల్యూమినియం అంటే అన్నం వండుకునే గిన్నెలే కదండీ?" అని అక్క నవ్వేది. ఆయన మాత్రం సెలవు రోజంతా బానెట్ ఎత్తి, పాత పంచె ముక్కతో తుడుస్తూ గడిపేవారు.

మాదాపూర్ వైపు అప్పట్లో బండలూ, సీతాఫలం చెట్లే. ఓ వానాకాలం అక్కడ బురదలో దిగబడితే అక్కా నేనూ తోశాం, కారు కదిలింది. "చూశారా, ఇనుపదైతే మీ ఇద్దరి వల్ల అయ్యేదా? బరువు తక్కువ, పెట్రోలు తక్కువ తాగుతుంది, తొందరగా చల్లబడుతుంది" అని బావగారు మురిసిపోయారు. లోపాలూ దాచేవారు కాదు. బోల్టు కాస్త గట్టిగా బిగిస్తే మర పోతుంది. వేడి మితిమీరితే ఇనుము కొంత ఓర్చుకుంటుంది, ఇది వంగిపోతుంది. "దేన్నయినా పొగిడే ముందు అది ఎంతవరకు ఓర్చుకోగలదో తెలుసుకోవాలమ్మా" అనేవారు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం పక్కింటి మల్లేశ్ పరుగెత్తుకొచ్చాడు. రాళ్లు కొట్టే పని అతనిది. "సార్, మా ఆమెకు నొప్పులొస్తున్నయ్, రక్తం పోతుంది. జర దవాఖానకు తీస్కపోండి" అన్నాడు. వెనక సీట్లో అతని భార్య సాయమ్మ తలను అక్క ఒళ్లో పెట్టుకుంది. నేను పక్కన ఇరుక్కున్నాను.

ఎర్రగడ్డ దగ్గర బానెట్ కింది నుంచి ఆవిరి చిమ్మింది. నీటి గొట్టం చిట్లింది. బావగారు కారాపి, గొట్టానికి గుడ్డ చుట్టి కట్టారు. రోడ్డు మీద ఇంకో బండి లేదు. మల్లేశ్ దగ్గర్లోని బావి నుంచి బకెట్‌తో నీళ్లు తెచ్చి ఇంజన్ మీద పొయ్యబోతే బావగారు చెయ్యి పట్టుకున్నారు.

"ఇప్పుడే వద్దు మల్లేశ్. ఇంత వేడి మీద చన్నీళ్లు పడితే పగిలిపోతుంది. పగిలిందంటే ఇక ఇక్కడి నుంచి కదలం. కొంచెం చల్లారనీ."

"నా పెండ్లాం సస్తుంటె ఆగమంటవా? నీకు బండి ముఖ్యమా, మనిషి ముఖ్యమా?"

బావగారు ఇంజన్ పక్కనే నిలబడ్డారు.

వేడి తగ్గాక కొద్దికొద్దిగా నీళ్లు పోసి బయల్దేరారు. కారు దవాఖాన చేరింది. సాయమ్మ బతికింది. బిడ్డ దక్కలేదు. ఆలస్యం వల్లేనా అని బావగారు అడిగితే, చెప్పలేనంది డాక్టరమ్మ.

మల్లేశ్ మాతో మాట్లాడటం మానేశాడు. కారు పాడవుతుందనే ఆపాడని వాడకట్టంతా చెప్పుకు తిరిగాడు. "ఎందుకు ఆపారో అతన్ని కూర్చోబెట్టి చెప్పొచ్చు కదండీ" అని అక్క ఏడ్చింది.

"బిడ్డను పోగొట్టుకున్నవాడికి ఇంజన్ గురించి ఏం చెప్పను?" అన్నారాయన. ఆ తర్వాత సెలవు రోజుల్లో బానెట్ ఎత్తలేదు. ఇంట్లో ఎవరినీ మల్లేశ్ మీద ఒక్క మాట అననివ్వలేదు. కోపం తెచ్చుకోకుండా ఉండటం ఎలాగో నేను నేర్చుకున్నది ఆ రోజుల్లోనే.

వానలు మొదలయ్యాక సాయమ్మ మొగుణ్ని వెంటబెట్టుకొని మా ఇంటికొచ్చింది.

"సార్, ఆ దినం నేను అన్నీ విన్న. నువ్వు ఆపకుంటె బండి ఆడనే ఆగిపోతుండె, నేను గూడ ఆడనే పోతుంటి. ఈయనకు గిదే చెప్తున్న, ఇంటలేడు" అంది.

మల్లేశ్ కారు దగ్గరికి నడిచాడు. "ఆ ఇంజన్ ఏందో జర సూపియ్ సార్" అన్నాడు.

బావగారు బానెట్ ఎత్తారు. ఎక్కడ వేడెక్కుతుందో, ఎందుకు పగులుతుందో మెల్లగా చెప్పసాగారు. మల్లేశ్ వంగి, కాయలు కాసిన అరచెయ్యి ఆ చల్లటి లోహం మీద ఆనించాడు. సన్నటి జల్లు మొదలైంది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.