కాకికిచ్చిన మాట

కలకత్తాలో కాకులకి కరువు లేదు. ఏక్‌బాల్‌పూర్‌లో మా గుమ్మం ముందు చేపముల్లు పారేస్తే చాలు, పది వచ్చి వాలేవి. అలాంటిది అన్నయ్య పోయిన పదోరోజున గంగ ఒడ్డున పిండం పెడితే ఒక్కటీ దిగలేదు. గోడ మీద కూర్చుని మా వంక చూస్తూ ఉన్నాయి. ఆ కాకుల మీద నాకిప్పటికీ కోపమే.

కాకి ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అది తీరుస్తామని పైకి చెప్పాలి. శ్రీకాకుళం వదిలి వచ్చేటప్పుడు మావాళ్ళు ఏం తెచ్చుకున్నా లేకపోయినా ఈ పట్టింపులు మాత్రం మూటగట్టి తెచ్చుకున్నారు. నన్ను చదివిస్తామన్నారు, కాకి రాలేదు. వాడి సైకిలు ఎవరికీ అమ్మబోమన్నారు, రాలేదు. ఓడల డాక్‌లో బస్తాలు మోసే మా నాన్న ముందుకొచ్చి, "ఇకమీద తాగన్రా" అన్నాడు. ఆ మాట కాకులు కూడా నమ్మినట్టు లేదు.

అప్పుడు అమ్మ నోటికడ్డం పెట్టుకున్న చెంగు తీసి, "నువ్వు సెప్పిన ఆ ఓటలుకి ఎల్తాను బాబూ. ఆ ఎర్రది తాగుతాను" అంది. ఒక కాకి దిగి ముద్ద ముట్టింది.

అంతకుముందు క్రిస్మస్‌కి అన్నయ్యా నేనూ పార్క్ స్ట్రీట్ దీపాలు చూడ్డానికి వెళ్ళాం. ఒక రెస్టారెంట్ అద్దంలోంచి ఎవరో తల్లీకొడుకులు పొడుగు కాడ గ్లాసుల్లో ఎర్రటి వైన్ తాగుతూ కనిపించారు. అన్నయ్య అక్కడే నిలబడిపోయాడు. షాలిమార్ రైలు యార్డులో తన పని పర్మనెంట్ కాగానే అమ్మని అక్కడికి తీసుకెళ్ళి అదే తాగిస్తానన్నాడు. "ఆడదాన్ని, నాకెందుకురా సారా" అని అమ్మ నవ్వింది.

పర్మనెంట్ కాలేదు. రెండు వ్యాగన్ల మధ్య నలిగిపోయాడు. యూనియన్ నాయకులు జెండా కప్పి, నినాదాలిచ్చి వెళ్ళిపోయారు. వాడి చొక్కా మూటగట్టి ఇస్తే అమ్మ వీధి కుళాయి దగ్గర ఉతికింది. ఎన్ని బకెట్లు మార్చినా నీళ్ళలో ఎరుపు పోలేదు. ఆ తర్వాత మా ఇంట్లో టమాటా తరగలేదు.

నెల తిరక్కుండా మాట తీర్చాలని ముగ్గురం ఆ రెస్టారెంట్‌కి వెళ్ళాం. వెయిటర్ జుట్టు నెరిసిన బెంగాలీ పెద్దమనిషి. వైన్ల కార్డు తెచ్చి నాన్న ముందు పెట్టాడు. పాపం, అప్పటిదాకా మాట మీదే ఉన్న నాన్న దాన్ని నా వైపు తోసేశాడు. ఇంటర్ చదువుతున్న నాకు అందులో ఒక్క పేరూ నోరు తిరగలేదు. నా అవస్థ చూసి, ఎర్రదా, తెల్లదా అని హిందీలో అడిగాడు వెయిటర్.

"తెల్లది సెప్పీ" అన్నాడు నాన్న గబుక్కున. "ఏదైతే ఏటి? కాకి ముట్టీసింది కదా."

అమ్మ ముఖం చూస్తే నాకూ అదే నయమనిపించింది. నోరు తెరవబోయాను.

"ఎర్రదే" అంది అమ్మ. "ఆడు ఎర్రదే సెప్పినాడు. పోయినోడికి మాటిచ్చి బొంకుతామేటి?"

గ్లాసు లెక్కన ఇవ్వరట, సీసాయే వచ్చింది. వెయిటర్ అమ్మ గ్లాసులో అడుగున రవ్వంత పోసి, "ఖేయే దేఖున్, మాసిమా" అన్నాడు, తాగి చూడండి పిన్నిగారూ అని. గుళ్ళో తీర్థంలా అంతే కాబోలనుకుంది అమ్మ. ఆమె ముఖం తేలికపడటం నేను చూశాను. కళ్ళు గట్టిగా మూసుకుని గుటుక్కున మింగి, గ్లాసు కింద పెట్టి దణ్ణం పెట్టుకుంది. నచ్చిందనుకుని అతను గ్లాసు నింపేశాడు. రుచి చూసి చెప్పమని ముందు కాస్త పోస్తారని మాకెవరికి తెలుసు?

అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ ఎరుపు వంకే చూస్తూ ఉండిపోయింది.

"ఇటియ్యే, నాను తాగీస్తాను" అన్నాడు నాన్న. ఆశపడి కాదు, జాలిపడే అన్నాడు. అయినా అమ్మ గ్లాసుకి చెయ్యి అడ్డం పెట్టింది.

"నీ మాట నువ్వు నిలబెట్టుకో. నా మాట నాను సూసుకుంతాను."

"ఇందాకట్లాగే కళ్ళు మూసుకుని తాగమ్మా" అన్నాను నేను.

"మూసుకుంటే ఆ సొక్కాయే అవుపడతంది" అంది.

కళ్ళు తెరుచుకునే తాగింది, ఆపకుండా, చుక్క మిగలకుండా. చెంగుతో మూతి తుడుచుకుంది.

"వగరు" అంది. "పులుపు కూడాను. నానెరగనా, ఆడికి తీపంటేనే పేణం. ఒక్క గుక్క తాగి ఉమ్మీసీవోడు. దీనికోసమా అంత కొట్టుకున్నాడు నా బాబు?"

గంగ ఒడ్డున రాని ఏడుపు అక్కడొచ్చింది. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద తల పెట్టి పెద్దగా ఏడ్చింది. పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు. మత్తెక్కిందనుకుని వెయిటర్ నిమ్మకాయ నీళ్ళు తెచ్చి పెట్టాడు.